బిందె కంటే ముందు తాత పేరు

8 సెప్టెంబర్, సోమవారం

ఆఫీసులో ఎవరెవరి వెబ్‌సైట్లకో గూగుల్‌లో కనబడే పేజీ టైటిల్స్ రాసిపెడతాను. ఇంట్లో మా కొట్టు సైట్‌కి ఒక్క టైటిల్ మార్చలేకపోతున్నాను.

దబీర్‌పురాలో మా మామయ్య అమరనాథ్ గారిది ఇత్తడి సామాన్ల కొట్టు. పాత గిన్నెలకు తగరపు కళాయి కూడా వేయిస్తారు. దసరా లోపు గిరాకీ పెరగకపోతే కొట్టు మూసేసి షట్టర్ కిరాయికి ఇచ్చేద్దామని మా ఆయన తేల్చేశాడు. మామయ్య సరేనన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

9 సెప్టెంబర్

సైట్‌లో ముప్పై పేజీలు. ముప్పైకీ ఒకటే టైటిల్: "కీ.శే. గుండా కృష్ణయ్య గారి కుమారుడు అమరనాథ్ అండ్ సన్స్ వారి..." గూగుల్ అక్కడికి కోసేస్తుంది. బిందె లేదు, కళాయి లేదు. బిల్లు పుస్తకమైనా, చేతిసంచి అయినా ఈ ఇంట్లో ఏం రాసినా కృష్ణయ్య తాత పేరే ముందు పడాలి.

వస్తువు పేరు ముందు వేసి మన పేరు చివర వేద్దామన్నాను. బాపు పేరు ఎన్కకా, బిందె ముందటనా, ఏంది బిడ్డా గిట్లంటవ్ అన్నారు మామయ్య. కోపం కూడా లేదు. కోప్పడితే వాదించేదాన్ని.

10 సెప్టెంబర్, ఉదయం 7:40

మామయ్య ఫోన్ తెచ్చి చూపించారు. గూగుల్‌లో వాళ్ల బాపు పేరు కొట్టారట, మొదట మా సైటే వచ్చింది. అందరికంటె మీద మనమే ఉన్నం, ఇంక ఫికర్ ఎందుకు అని మురిసిపోయారు.

అయ్యో! తాత పేరు తెలిసినవాళ్లు గూగుల్‌లో ఎందుకు వెతుకుతారు, నేరుగా కొట్టుకే వస్తారు కదా. అదే చెప్పాను. వింటేగా.

11 సెప్టెంబర్

ఎవరికీ చెప్పకుండా కళాయి పేజీ ఒక్కటి మార్చాను. "ఇత్తడి గిన్నెలకు కళాయి, దబీర్‌పురా | అమరనాథ్ అండ్ సన్స్". తాత పేరు తీసేశాను.

20 సెప్టెంబర్

ఫోన్లు! బార్కస్ నుంచి ఒక పెళ్లి వంటాయన పదకొండు పెద్ద వంట దేగ్‌చాలకు కళాయి అడిగాడు. మలక్‌పేట నుంచి ఇద్దరు. మామయ్య మస్తు ఖుషీ. బాపు పేరే గుంజుకొచ్చింది సూడు అని అత్తయ్యతో చెబుతున్నారు.

మిగతా పేజీలూ మారిస్తే కొట్టు నిలబడుతుంది. నాకు తెలుసు.

22 సెప్టెంబర్

తెలిసిపోయింది. మీ కొట్టు ఎలా దొరికిందో చూడండంటూ వంటాయనే మామయ్యకు తన ఫోన్‌లో చూపించాడట. బాపు పేరు తీసి గిరాకీ తెచ్చినవా బిడ్డా అని అడిగారు మామయ్య. ఏడ్చాను. దసరా దాకానైనా ఉంచనివ్వండని బతిమాలాను. గసొంటి గిరాకీ నాకొద్దన్నారు.

పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. అయినా నా చేతులతోనే పాత టైటిల్ పెట్టాను. ఆయన మీద ఒళ్లు మండిపోతోంది. ఆయన్ని చూస్తే జాలేస్తోంది. ఏం చేయను?

1 అక్టోబర్

దసరా వచ్చేసింది. ఫోన్ మోగలేదు.

4 అక్టోబర్

ఆన్‌లైన్ ప్రకటనకు టైటిల్ మామయ్యే చెప్పారు: "షట్టర్ కిరాయికి, దబీర్‌పురా స్టేషన్ దగ్గర". తాత పేరు ముందు వేయనా అని అడిగాను. దీనికొద్దు బిడ్డా అన్నారు.

టైటిల్ పూర్తిగా కనబడుతోంది. ఒక్క అక్షరం కూడా తెగలేదు.