సైకిల్ ట్యూబు చుట్టిన రింగు

శారదక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

నువ్వు వనపర్తి బడిలో డ్రిల్ టీచరుగా ఉన్నప్పుడు, పొద్దంతా కుట్టుమిషన్ ముందు కూర్చుని నడుము పట్టేసిన మెహరున్నిసా కోసం వ్యాయామానికి నడుము చుట్టూ తిప్పే బరువైన రింగు చేయమని నన్నడిగావు. నల్ల నీళ్లపైపును గుండ్రంగా వంచి, సగం ఇసుక పోసి ఇచ్చాను. రెండు తిప్పులకే అది జారిపోయింది. "నాతోని కాదు టీచరమ్మా" అని ఆమె కూర్చుండిపోయింది.

"తప్పు ఆమెది కాదు తమ్మీ, నీ రింగుది" అన్నావు. నేను ఒప్పుకోలేదు. తర్వాత నీ దవాఖాన తిరుగుళ్లలో ఆ సంగతే మరిచాం.

మొన్న ఆ పాత రింగును కోసి చూశాను. తిప్పినప్పుడల్లా ఇసుకంతా ఒకే పక్కకు జారుతోంది. ఈసారి కదలకుండా నిండా దట్టించాను. రింగును ఇంకా పెద్దది చేసి, నడుముకు పట్టు దొరికేలా లోపలివైపు పాత సైకిల్ ట్యూబు చుట్టాను.

ఈ ఉదయం మెహరున్నిసా వాళ్ల వాకిట్లో తిప్పింది. రింగు నిదానంగా తిరిగింది, పడలేదు. అలసిపోయి తానే ఆపి, నావైపు చూసింది.

"టీచరమ్మ ఉంటే ఇంకో పది తిప్పు అంటుండె. జర నువ్వన్నా అను భాయ్."

అన్నానక్కా. ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

నీ తమ్ముడు