ఆ డబ్బాని అలాగే ఉండనీ

ప్రియమైన చెల్లికి,

ఫోన్ చేయకుండా కాగితం మీద రాస్తున్నానేమిటా అని కంగారు పడకు. పడ్డా తప్పులేదులే, నేనూ పడుతూనే ఉన్నాను.

నేను పాపని తీసుకుని విడిగా వచ్చేశాక మీ బావ చప్పుడు చేయడం లేదని సంబరపడ్డానా? మొన్న పాపకి చెవిపోటు వస్తే ఇంట్లో ఫోన్లో చెవి ఆసుపత్రి సైటు చూశాను. ఎవరికీ చెప్పలేదు. తెల్లారేసరికి మెసేజ్: "పాప చెవి ఎలా ఉంది?" నిన్న అద్దె ఇళ్ళు చూశాను. సాయంత్రానికల్లా ఇంకొకటి: "ఇల్లు మారుతున్నావా? నాకు చెప్పకుండానే?"

కర్టెన్లన్నీ దులిపాను. బల్బులు విప్పి చూశాను. రోజంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేదాన్ని, నా ఇంట్లో ఎవరి కన్ను ఎక్కడుందో నాకే కనబడడం లేదు.

ఇంటికి రాయకు. దుకాణం చిరునామాకి రాయి.

నీ పిరికి అక్క

*

ప్రియమైన అక్కా,

బల్బులు విప్పావా! షాక్ కొట్టలేదు కదా?

వచ్చేసేటప్పుడు పాత ఇంటి నుంచి వైఫై రౌటర్ తెచ్చుకున్నావు. దాన్ని బిగించింది బావే. ఇళ్ళకి నెట్ పెట్టడమే ఆయన పనాయె. దొంగ చేతికే తాళాలిచ్చి పడుకున్నాం. అందులోంచి చూస్తే నువ్వు ఎవరికేం రాశావో ఆయనకి తెలియదు, ఏ సైటు గడప తొక్కావో మాత్రం తెలుస్తుంది.

పాస్‌వర్డ్ మార్చినా లాభం లేదు. ఆ మోడల్‌ని కంపెనీ ఎప్పుడో వదిలేసింది. లోపలి సాఫ్ట్‌వేర్‌కి కన్నం పడింది, పూడ్చే నాథుడు లేడు. కంపెనీది పూర్తిగా తీసేసి, పదిమందీ కలిసి రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. అందులో ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. మా ఆసుపత్రిలో నేను చూసుకునే కంప్యూటర్ల మధ్య కూర్చుని రెండు రకాలు చూశాను. ఒకటి చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ మరమ్మతులు రావడం ఆగిపోయాయి. రెండోది బోసిగా ఉంటుంది, మరమ్మతులు మాత్రం వస్తూనే ఉన్నాయి. రెండోదే మేలు.

చిక్కేమిటంటే నీ డబ్బాలో అంత మెమరీ లేదు. చెంబులో బిందెడు నీళ్ళు పట్టవు కదా. అది పట్టే మోడల్ పేరు ఈ కాగితం వెనక రాశాను, పాతదైనా సరే కొను. డబ్బా మీద పేరు కింద చిన్న అక్షరాల్లో వెర్షన్ ఉంటుంది, అదీ కలవాలి. తప్పు ఫైలు ఎక్కించావో, డబ్బా ఇక లేవదు, ఇటుకరాయే.

ఇంట్లోది పారేయకు. సాక్ష్యం.

నీ చెల్లి

*

చెల్లీ,

నువ్వు చెప్పిన డబ్బా దొరికింది. భోజనాల వేళ దుకాణం వెనకగదిలో ఎక్కించాను. సగంలో డబ్బా మీది దీపాలన్నీ ఆరిపోయాయి. చంపేశాననుకున్నాను. గోడకానుకుని నిలబడ్డాను. చాలాసేపటికి ఒక్క దీపం మిణుకుమంది.

కానీ ఇంట్లో పెట్టలేదు. పెట్టను కూడా. పాతదాన్ని అలాగే ఉండనీ. చూసే దారి మూసేస్తే మీ బావ ఊరుకుంటాడా? కాళ్ళకి పని చెప్తాడు, నేరుగా తలుపు దగ్గరికే వస్తాడు. ఒకసారి వస్తే ఏం జరిగిందో నువ్వు చూశావు.

కొన్నాళ్ళు నువ్వేమీ రాయకు. నన్నేమీ అడగకు.

అక్క

*

అక్కా,

రాయొద్దన్నావు, తెలుసు. రాయకుండా ఎలా ఉండను?

బావ ఆసుపత్రికి వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు, అదే భయమేసింది. "మీ అక్క రేవుపట్నం వెళ్ళిపోతోందట కదా, పాపకి బడి కూడా చూసిందట" అన్నాడు. "ఎప్పుడు?" అనేశాను. "నీకూ చెప్పలేదా పాపం! శనివారం నేనే ముందెళ్ళి అక్కడ ఇల్లు చూస్తున్నాలే. వచ్చేసరికి గుమ్మంలో నేనుంటాను" అన్నాడు.

అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఊరు వెళ్ళకు. అందిన వెంటనే ఒక్క ముక్క రాయి.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరాన్ని దుకాణం యజమానురాలు ఇక్కడికి పంపింది. ఇది రేవుపట్నం కాదు. ఏ ఊరో కాగితం మీద పెట్టను, మనిషితో చెప్పి పంపుతాను.

ఆ రేవుపట్నానికి నేనెన్నడూ వెళ్ళలేదే. రోజూ వంట చేసుకుంటూ అక్కడి బడి సైటు, అక్కడి అద్దె ఇళ్ళు పాత రౌటర్ మీద చూస్తూ కూర్చున్నాను. నమ్మకపోతేనో? నాటకమని పట్టేస్తేనో? నమ్మాడు. శనివారం ఆయన అటు రైలెక్కాడు, మేం ఇటు లారీ ఎక్కాం. పాత డబ్బా, మెసేజ్‌లున్న ఫోన్ లాయరమ్మకి ఇచ్చాను. సిమ్ మాత్రం వేరే ఫోన్‌లో వేసుకున్నాను. మన దగ్గరికి రాకుండా కోర్టు ఆర్డరు తెస్తానంది, కొంచెం టైం పడుతుందట.

నీకు చెప్పనందుకు తిట్టుకో. నువ్వు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, ఇట్టే దొరికిపోతావు. నీ భయం నటన కాదు కాబట్టే ఆయన అనుమానపడలేదు. ఆ భయం నీకు పెట్టింది నేనే. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నువ్వు ఏరిన సాఫ్ట్‌వేర్ ఇక్కడ నడుస్తోంది. భయం పోయిందని మాత్రం రాయలేను. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా పాపని దగ్గరికి లాక్కుంటున్నాను. ఇవాళ ధైర్యం చేసి, ఈ ఊళ్ళో బడులేమున్నాయో ఇంట్లోంచే నెట్‌లో చూశాను. చూసి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం మాడింది. పాప లేచి వచ్చి స్టవ్ కట్టేసింది.

మెసేజ్ రాలేదు.

నీ అక్క