మెట్టెలు లేని అరగంట

మంగళవారం

నా తలలో పిట్యూటరీ గడ్డ ఇంజెక్షన్లకు తగ్గిందో లేదో చూడాలని ఇవాళ ఏలూరులో స్కానింగ్ తీశారు. ఒంటిమీద లోహం ఉండకూడదట. ఈ జబ్బుకి కాలివేళ్ళు లావై మెట్టెలు బిగుసుకుపోయాయి, కంసాలి చేత కత్తిరింపించాల్సి వచ్చింది. పెళ్ళయ్యాక తీయడం ఇదే మొదలు. ఆయనకేమైనా అవుతుందేమోనని ఒకటే భయం.

"ఏవండీ, నేనొచ్చేదాకా దగ్గుతూ ఉండండి."

"అరగంట దగ్గితే నన్నూ చేర్చుకుంటారే!"

మిషను రొదలో దగ్గు వినపడలేదు. తల ఎత్తి చూశాను. బయటికొస్తే ఆయన బెంచీ మీద కళ్ళు మూసుకుని ఉన్నారు. గట్టిగా గిల్లాను. కెవ్వుమన్నారు. హమ్మయ్య!

"మామ్మగారూ, కదిలారండీ. మళ్ళీ తీయాలి," అంది స్కానింగ్ అమ్మాయి.

నేను ఆయన పక్కనుంచి కదల్లేదు. ఆయన చెయ్యి రుద్దుకుంటూ, "వెళ్ళవే, ఈసారి కళ్ళు తెరుచుకునే ఉంటాను," అన్నారు.