గాజు లేని తెర

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
22-11-1999

కోటీ, నా బంగారు తల్లీ,

"నేను కలకత్తా నుంచి ఫోను తీగ మీద లోపలికొచ్చి పని చేసుకున్నంతసేపూ నువ్వు లేచి పక్కన కూర్చోవాలి మామ్మా, కంప్యూటరుకి కుర్చీ ఒకటే" అని రాశావు. తప్పు. మన స్టేషన్లో ఒకే ప్లాట్‌ఫారానికి ఈ కొసన ఒక బండి, ఆ కొసన ఒక బండి నిలబడటం చూస్తూ పెరిగినదానివి. నువ్వు వదిలేసి వెళ్ళిన లావుపాటి కంప్యూటరు పుస్తకమంతా చదివాను. రెండో తెర పెట్టె లోపలే తెరుచుకుంటుంది, దానికి గాజు ఉండదు, అంతే. అది నీది. గాజున్నది నాది. ఫోనులో నీకు పేజీ నంబరు చెప్పి, నిన్న పది గంటలకే ఆ పద్ధతిలో లోపలికి రమ్మన్నది ఎందుకో విను.

దసరా వెళ్ళిన ఆదివారం తెలుగు సంఘం కమిటీవాళ్ళు మనింట్లో పిల్లలకి కంప్యూటరు మీద నేను చెప్పే అక్షరాల పాఠం చూడటానికొచ్చారు. నేను ‘ఋ’ చూపిస్తుంటే తెర మీది బాణం నా మాట వినకుండా అటూ ఇటూ పరిగెత్తింది. పక్కింటి జోగమ్మ "టీచరమ్మా, ఏటిది, దానంతటదే ఎల్తన్నాది" అంది. కమిటీలోని కామేశం మాత్రం సెక్రటరీ యజ్ఞనారాయణగారి చెవిలో, నాకు వినబడేంత మెల్లిగా, "పెద్దావిడకి చెయ్యి వణుకుతున్నాది. ఇంకొకరికి అప్పగించీదాం" అన్నాడు. వాడికి గుణింతాలు దిద్దించింది ఈ చెయ్యే.

నీకు చెప్పలేదు గానీ, నేనూ నమ్మాను. గ్లాసు నిండా నీళ్ళు పోసి పట్టుకు చూసుకున్నాను. ఒలకలేదు. అయినా ధైర్యం చాలక, పాఠాలు మానేస్తానని కమిటీకి ఉత్తరం కూడా రాసి పెట్టాను. అది పోస్టు చేసే ముందు నీ ఉత్తరం అందింది: ఆ ఆదివారం పదింటికి హాస్టల్ ఫోను మీద లోపలికొచ్చి పాఠాలు సరిచేశానని. వణికింది నా చెయ్యి కాదు, నా తెర మీదికే వచ్చి బాణాన్ని లాగిన నువ్వే. నా ఉత్తరం చింపేసి, కమిటీని మళ్ళీ పిలిచాను.

నిన్న గంటసేపు బాణం నేను పెట్టినచోటే ఉంది. నువ్వు లోపలున్నావని నాకు తెలిసిందల్లా చివర్లో, జాబితాలో ‘ఱ’ పాఠం కొత్తగా కనబడినప్పుడు. "రా కామేశం, నువ్వు పెట్టు బాణం" అన్నాను. మూడుసార్లు పెట్టాడు, మూడుసార్లూ పక్క అక్షరం మీదే పడింది. "వయసు నాయనా, ఏం చేస్తాం" అన్నాను. యజ్ఞనారాయణగారు దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకుని, "టీచరమ్మగారూ, ఖరిదా పేట పిల్లల్ని కూడా మీకే పంపిస్తాం" అన్నారు.

ఇంతమంది ముందుగదిలో పట్టరు, కంప్యూటరుని వరండాలోకి మారుస్తున్నాం. శనివారం ధర్మతలా బజారుకెళ్ళి ఫోను తీగ పది గజాలు కొను. రెండు కొసలకీ పిన్నులు బిగించి ఉన్నది చూడు. అతుకులున్నది ఇస్తే అక్కడే వాడి మొహాన పారేసి రా.

నీ మామ్మ,
బాలాంబ