కుందేలుకు నలభై రోజుల దువ్వెన

మార్చి 5, బుధవారం. మధ్యాహ్నం 1.15

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాలు మొదలు. ఈ నలభై రోజులు ఏం మానేస్తామో స్త్రీల సమాజంలో ఒక్కొక్కరం లేచి చెప్పాలి. ఏటా ఇదే వరస. సుజాత టీ మానేస్తానంది. (దాని సంగతి నాకు తెలియదా! పోయినేడు మూడో రోజుకే వంటింట్లో తలుపేసుకుని తాగింది.) నేను మాంసం అని చెబుదామనే లేచాను. సుజాత ముఖంలో ఆ భక్తి చూసేసరికి నా నోరు ఊరుకోలేదు.

"నేను మానేసేది ఏం లేదు పాస్టరమ్మగారూ, చేసేదే ఉంది. మా ఇంటికొచ్చిన మూగజీవాన్ని నలభై రోజులు రోజూ అరగంట దువ్వుతా. ఒక్కమాట తిట్టకుండా!"

అందరూ నవ్వారు. పాస్టరమ్మగారు నవ్వలేదు. "మంచిదమ్మా కృపారాణీ. ఈస్టర్ నాడు దాన్ని తీసుకొచ్చి సాక్ష్యం చెప్పు" అన్నారు. సుజాత టీ గురించి ఇక ఎవరూ ఎత్తలేదు. హమ్మయ్య!

సాయంత్రం 6.00

మూగజీవం అంటే దూదమ్మ. అంగోరా కుందేలు. బ్యాంకు సునీత మేడమ్‌కి బదిలీ అయితే పోయిన వారం నా బ్యూటీ పార్లర్లో దింపేసి వెళ్లింది. ఒళ్లంతా జానెడు బొచ్చు. ముందేదో వెనకేదో తెలియదు. క్యారెట్ ఎటువైపు మాయమైతే అటు ముఖం ఉన్నట్టు. రెండు వైపులా రాసిన కాగితం కూడా ఇచ్చింది. మొదటి వైపు ఇదీ:

1. రోజూ దువ్వాలి. లేకపోతే నాక్కుంటూ బొచ్చు మింగుతుంది. పిల్లిలా కక్కలేదు. కడుపులో ఉండ కడితే ప్రాణం మీదికి వస్తుంది.
2. పెంటికలు రోజూ చూడాలి. ఆగాయంటే ఆలస్యం చేయొద్దు.
3. ఎప్పుడూ గడ్డి ఉండాలి.
4. స్నానం వద్దు.
5. చెవులు పట్టి ఎత్తొద్దు.
6. చాలా మెతక. సంతోషమైతే పళ్లు మెల్లగా నూరుతుంది. కోపమొస్తే వెనక కాలితో నేలను తంతుంది.

రెండో వైపు తీరికగా చదువుతా. ఇరవై రెండేళ్లుగా మార్కాపురం పెళ్లికూతుళ్లకు జడలు వేస్తున్నదాన్ని. వెంట్రుకల గురించి నాకు కాగితాలా!

సాయంత్రం 7.00

మా ఆయన జాన్సన్ పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. సంగతి విని పెద్ద పలక ఒకటి గోడకు తగిలించాడు.

"నువ్వు మొదలుపెట్టి ముగించిన పని ఒక్కటి చెప్పు. వాకింగు అన్నావు, నాలుగు రోజులు పోయినావు. కీబోర్డు అన్నావు, దాని మీద బట్టలు ఆరేసినావు. మిద్దె మీద టమాటాలు అన్నావు, కుండీలు మిగిలినాయి. ఇందులో రోజుకొక గీత గియ్యి. నలభై పడితే కుందేలు నీది. ఒక్కటి తగ్గినా కనిగిరి నరేష్‌కి ఇచ్చేస్తా."

నరేష్ అంటే ఈయన చిన్నాన్న కొడుకు. కుందేళ్ల ఫారం ఉంది. ఆ కుందేళ్లు చివరికి ఏమవుతాయో ఆదివారం మధ్యాహ్నం వాళ్ల వీధిలో నడిస్తే చాలు, మసాలా వాసనే చెబుతుంది.

చూద్దాం అన్నాను. నలభై ఏంటి, నాలుగు వందలు గీస్తా!

మార్చి 6, గురువారం. ఉదయం 6.00

మొదటి రోజు. ముప్పై రెండు నిమిషాలు దువ్వాను. దూదమ్మ ఒళ్లో కళ్లు మూసుకుని పళ్లు నూరింది. సంతోషం! నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత మెత్తటి వెంట్రుక ఇన్నేళ్లలో నా చేతికి రాలేదు. రాలిన బొచ్చు కవర్లో దాచాను. ఈస్టర్ నాటికి పాస్టరమ్మగారికి శాలువా అల్లించాలి.

గీత 1.

మార్చి 9, ఆదివారం

శ్రమదినాల నలభైలో ఆదివారాలు లెక్కలోకి రావట! ఈ రోజు ప్రసంగంలో చెప్పారు. ఇంత మంచి సంగతి ఇన్నేళ్లూ నాకెందుకు తెలియలేదు? సెలవు.

మార్చి 11, మంగళవారం

వాట్సాప్ స్టేటస్‌లో దూదమ్మ ఫోటో. నూట పన్నెండు మంది చూశారు. పార్లర్‌కి వచ్చిన వాళ్లందరూ "అక్కా, దీనికేం షాంపూ పెడతావు?" అని అడగడమే.

మా అత్త పిచ్చమ్మ ఒక్కతే మూతి తిప్పింది. "ఎండలు ముదురుతుండాయి. ఆ బొచ్చు కత్తిరిచ్చెయ్యరాదా? మా నాయన గొర్రెలకు ఈపాటికే తీయించేటోడు."

గొర్రెలట! ఇది అంగోరా అత్తా అన్నాను. అత్తకు స్టైల్ తెలియదు పాపం. ఈస్టర్ నాడు బోడి కుందేలుతో వెళ్లి ఏం సాక్ష్యం చెప్పాలి?

గీత 5.

మార్చి 19, బుధవారం. ఉదయం 11.30

ఘోరం.

నిన్న దువ్వలేదు, మొన్నా దువ్వలేదు, కాబట్టి రెండు రోజులది కలిపి ఈ పొద్దున పార్లర్లో ఫ్యాను కింద దువ్వాను. ఫ్యాను కింద! నా బుద్ధికి ఏమొచ్చిందో. సరిగ్గా అప్పుడే కంభం నుంచి ఒక నిశ్చితార్థం అమ్మాయి వచ్చింది. ఫౌండేషన్ తడి ఆరకముందే గాల్లో ఉన్న బొచ్చంతా దాని పైపెదవి మీద దిగింది. తెల్ల మీసం. దిట్టమైన మీసం.

వాళ్ల అమ్మ నన్ను తిట్టింది. నేను దూదమ్మను తిట్టాను. దూదమ్మ వెనక కాలితో నేలను ధన్‌మని తన్ని బల్ల కిందికి పోయింది.

"తిట్టకుండా" అన్న మాట దేవుడితో కదా, పార్లర్ టైమ్‌లో లెక్కలోకి రాదనుకుంటా.

గీతలు 10, 11, 12. (ఆ రెండు రోజులది కూడా కలిపే దువ్వాను కదా.)

మార్చి 27, గురువారం

దువ్వకపోవడానికి కారణాలు:
కరెంటు లేదు.
మోకాలు నొప్పి.
దూదమ్మ నిద్రపోతోంది. నిద్రపోయే జీవాన్ని లేపితే పాపం.
దువ్వెన కనిపించలేదు. (దూదమ్మ బొచ్చులోనే ఉంది. శనివారం నుంచి.)

జాన్సన్ ఫ్యాక్టరీ నుంచి గచ్చుబండంత పలకరాయి మోసుకొచ్చాడు. నీళ్లు చల్లి దూదమ్మ ముందు పడేశాడు. అది కాళ్లు చాపుకుని దానిమీద పడుకుంది.

"ఎందుకు తెచ్చావు?" అన్నాను.

"పగిలిన ముక్కలే. ఊరికే పారేస్తుంటే తెచ్చినా" అన్నాడు. ఆ రాయికి ఎక్కడా పగులు లేదు.

గీత 19. ఇవాళ గీత గీసేటప్పుడు బలపం కీచుమంది. నాకు ఒళ్లు జలదరించింది.

ఏప్రిల్ 5, శనివారం

ముందు కాళ్ల సందులో నిమ్మకాయంత ముద్ద. చెవి వెనక ఇంకోటి. తోక దగ్గర ఉన్నదాని గురించి రాయను. దువ్వెన ముద్దలోకి దిగదు. లాగితే దూదమ్మ తంతుంది. చెవి దగ్గర ఒక్కసారి కీచుమని అరిచింది కూడా. కుందేలు అరుస్తుందని నాకు ఇవాళే తెలిసింది. చేతిలో దువ్వెన కింద పెట్టేశాను.

కత్తిరిద్దామంటే ఈస్టర్ పదిహేను రోజులే. ఈస్టర్ అయ్యాక చూద్దాం.

గీత 27. అబద్ధం.

ఏప్రిల్ 12, శనివారం

పెళ్లిళ్ల సీజన్ మొదలు. పొద్దున నాలుగింటికి లేచి గిద్దలూరు పోయి ముగ్గురికి మేకప్. ఈ వారంలో దూదమ్మ ముఖం కూడా సరిగ్గా చూడలేదు. ముఖం ఎక్కడుందో వెతకాలి కూడా.

వారం గీతలు ఒకేసారి గీశాను. తల ఎత్తకుండా, టకటకా. 33. జాన్సన్ భోజనం చేస్తూ పలక వైపు చూశాడు. నేను పచ్చడి వడ్డించాను.

ఏప్రిల్ 16, బుధవారం. సాయంత్రం 5.00

ఇంటికి రాగానే ఏదో వాసన. చిన్నప్పుడు మా అమ్మ నా నెత్తిన పెట్టే వాసన.

ఆముదం!

అత్త ఎంతో నెమ్మదిగా చెప్పింది: "దానికి వేడి చేసిందమ్మా. రొప్పుతుంది. అందుకే మాడుకు ఆముదం పెట్టినా. మాడు యాడుందో తెలియలా, అందుకని ఒళ్లంతా పెట్టినా."

నేను అరిచిన అరుపులు రాస్తే డైరీ కాలిపోతుంది. నలభై రోజుల మాట, ఈస్టర్ సాక్ష్యం, శాలువా, అన్నీ ఆముదంలో పడ్డాయి. బొచ్చు కాదు ఇప్పుడది, చాప. స్నానం వద్దని కాగితంలో ఉంది. ఆముదం వద్దని మాత్రం మొదటి వైపు లేదు.

"నువ్వు దువ్వి ఉంటే నేనెందుకు పెడతా?" అంది అత్త.



ఏప్రిల్ 17, గురువారం

పెంటికలు తక్కువ. ఉన్నవి కూడా బొచ్చుతో ఒకదానికొకటి తగులుకుని దండలా వచ్చాయి. గడ్డి ముట్టలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం. ఉదయం 8.00

ఒక్క పెంటిక లేదు. క్యారెట్ ముక్క ముఖం దగ్గర పెట్టినా మాయం కాలేదు.

గుడ్ ఫ్రైడే. పశువుల ఆసుపత్రికి సెలవు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే పాపం ఎత్తారు. "ముందు ఆ బొచ్చంతా తీసేయండి, ఇంకా మింగకుండా. నీళ్లు పట్టండి. గడ్డి దగ్గర పెట్టండి. పొట్ట మెల్లగా నిమరండి. సాయంత్రానికి కదలిక లేకపోతే మా ఇంటికి తీసుకురండి, నేను చూస్తా."

ఉదయం 11.30

యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో "ఇదిగో నీ తల్లి" అన్న మూడో మాట మీద మాట్లాడాల్సింది నేను. తెల్ల చీర ఇస్త్రీ చేసి మంచం మీద ఉంది. నేను కత్తెర తీసుకుని దూదమ్మ ముందు కూర్చున్నాను. ఆ చర్మం ఉల్లిపొర కంటే పల్చన. ఎక్కడ బొచ్చు ఆగుతుందో ఎక్కడ చర్మం మొదలవుతుందో తెలియడం లేదు. నా పొగరు వల్ల ఇది చచ్చిపోతుందేమో. నా వల్లే. ఎవరి మీదికీ నెట్టలేను.

మధ్యాహ్నం 3.15

అత్త వచ్చి ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. దూదమ్మను ఒళ్లోకి తీసుకుంది.

"తోలు లాగి పట్టుకుంటా. ఏలు అడ్డం పెట్టి, ఏలు మీదుగా కత్తిరించు. గొర్రెకు అట్లనే చేసేటోళ్లు."

మూడు గంటలు పట్టింది. చర్చి మైకులో నా బదులు సుజాత నా మూడో మాట మీద మాట్లాడుతూనే ఉంది. బాగానే మాట్లాడింది, దాని మొహం. ముద్దలన్నీ ఊడి పక్కన కుప్ప పడ్డాయి. ఆ కుప్పే పెద్దగా ఉంది. అత్త ఒళ్లో మిగిలింది గుప్పెడంత జీవం. రెండు చెవులు, రెండు కళ్లు. దీనికి ఇంత పెద్ద కళ్లున్నాయా!

"నేను ముందే చెప్పినా" అని అత్త ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది.

సాయంత్రం 4.50

పెంటిక! ఒక్కటి!

అత్త, నేను ఇద్దరం ఒకేసారి "స్తోత్రం!" అని అరిచాం. పక్కింటి వాళ్లు ఆరాధన ఇంకా అయిపోలేదేమో అనుకున్నారట.

సాయంత్రం 6.30

మొత్తం పదకొండు. గడ్డి తింటోంది. డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకీ సంతోషమే.

కాగితం రెండో వైపు ఇప్పుడు చదివాను.

7. ఎండాకాలం రాకముందే బొచ్చు మొత్తం కత్తిరించాలి. మార్చి దాటనివ్వొద్దు.
8. నూనెలు రాయొద్దు.

మూడోసారి చదివి మడిచి బైబిల్లో పెట్టాను.

ఏప్రిల్ 20, ఆదివారం. ఈస్టర్

బుట్టలో బోడి దూదమ్మతో చర్చికి వెళ్లాను. సాక్ష్యానికి లేచాను. "నలభై రోజులు దువ్వుతా అన్నా. దువ్వింది పదమూడు. మిగతావి దొంగ గీతలు. తిట్టనన్నా, తిట్టినా. మా అత్తను కూడా తిట్టినా. ఇది బతికింది ఆమె వల్లే" అని కూర్చున్నాను. సుజాత పడీపడీ నవ్వింది. నవ్వనీ. నోట్లోంచి టీ వాసన నా దాకా వచ్చింది.

మధ్యాహ్నం నరేష్ వచ్చాడు. జాన్సన్ పిలిచాడేమోనని బుట్టను నా వైపు లాక్కున్నాను. పండక్కి వచ్చానన్నాడు. బుట్టలోకి తొంగి చూశాడు.

"ఏంది వదినా, ఇదేనా ఆ కుందేలు? ఫోటోలో గొర్రెపొట్టేలు మాదిరి ఉండె!" అంటూ చెవులు పట్టుకుని పైకి ఎత్తబోయాడు.

అత్త అతని చేతి మీద ఒక్కటిచ్చింది. "చెవులు పట్టుకుంటావేందిరా! నీ చెవులు పట్టి లేపితే ఎట్లుంటది? తియ్ చెయ్యి!"

నరేష్ చేయి తీశాడు, నవ్వుతూ అన్నం దగ్గరికి పోయాడు. నేను జాన్సన్ వైపు చూశాను.

"నలభై పడలేదు కదా" అన్నాను.

"దొంగ గీతలని నాకు మార్చిలోనే తెలుసు. అప్పుడే మూడు ఒకేసారి గీసినావు. మొన్నటి వారమంతా ఒకే పొడుగు, ఒకే వంకర."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇచ్చెయ్యాల్సొస్తది గదా" అన్నాడు, తడిగుడ్డతో పలక తుడుస్తూ.

ఏప్రిల్ 21, సోమవారం. ఉదయం 6.40

కొత్త తీర్మానం. మళ్లీ నలభై రోజులు. ఈసారి ఆదివారాలు కూడా.

మొదటి రోజు. దువ్వడానికి ఏమీ లేదు. అయినా దువ్వెన వీపుతో మెడ నుంచి తోక దాకా ఒకసారి నిమిరాను. దూదమ్మ పలకరాయి మీద కాళ్లు చాపుకుని పళ్లు నూరింది.

గీత 1. నిజం.

రేపు సరిగ్గా ఆరింటికి. ఆరున్నర అనుకుందాం.