ఇసుక గాలి, రోడ్డు గాలి

ధాపూ వాళ్ల నాన్నకి,

రుక్మా ప్రేమతో రాసేది. అందరం కులాసా. మీ చెల్లెలు గోమతి తొలికాన్పుకి వచ్చింది. నా బెంగంతా మన జీపు గురించే. దాన్ని నడిపే మీ చిన్నాన్న కొడుకు మూలారాం చక్రాలు దిగబడకుండా ఇసుకలో టైర్ల గాలి తీస్తాడు. అది అందరూ చేసేదే. తారురోడ్డెక్కాక మళ్లీ కొట్టడు. అడిగితే "సాయంత్రం ఇసుకలోకేగా వచ్చేది వదినా, ఎందుకీ చాకిరీ?" అంటాడు. మొన్న బార్మేర్ రోడ్డులో టైరు పేలి, జీపు జమ్మిచెట్టుని గుద్ది ఆగింది. లోపల మేకలే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆ టైర్ల మీద గోమతిని ఎక్కించను గాక ఎక్కించను.

మీ రుక్మా

తేజ్‌పూర్ నుంచి
ప్రియమైన రుక్మా,

గాలి తక్కువైన టైరు తారుమీద పరిగెత్తితే పక్కలు నలిగి, కాగి, పేలుతుంది. పట్టాళంలో నా లారీని అలా నడిపితే నాకు శిక్షే. కాలిపంపూ, గాలి చూసే మీటరూ పంపుతున్నాను. పొద్దున్నే బండి కదలకముందే చూడాలి. స్టెప్నీని మరవకు. అరిగినవీ, పక్కలు పగిలినవీ తీసేయించు. మూలాని మరీ నొప్పించకు, నాన్నకి వాడంటే ముద్దు. సెలవులో నీకు ఇసుకదిబ్బల్లో స్టీరింగు నేర్పింది సరదాకే సుమా. నువ్వు రోడ్డెక్కితే నేను నాన్న ముఖం చూడలేను.

నీవాడు, ఖేతారాం

ధాపూ వాళ్ల నాన్నకి,

టైర్లు మార్పించాను. రోజూ నేనే మీటరు పెట్టి చూస్తుంటే మూలా రోషపడి, తాళంచెవి మామయ్య ముందు పడేసి పోయాడు. ఊరంతా నవ్వుతోంది. నవ్వనీండి. వేరే డ్రైవరు దొరకలేదు. గోమతికి నెలలు నిండాయి.

మీ రుక్మా

ధాపూ వాళ్ల నాన్నకి,

గోమతికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఇక తిట్టండి, జీపు నడిపింది నేనే.

నొప్పులు మొదలయ్యాయి. అత్తయ్య గోమతిని వెనక పడుకోబెట్టింది. మామయ్య నా పక్కన కూర్చున్నారు. ఇసుక దాటాక తారురోడ్డు అంచున బండి ఆపాను. "ఇప్పుడా గాలి కొట్టేది? నా పిల్ల ఏమైపోవాలే?" అని అత్తయ్య ఏడ్చింది. నాకూ భయమేసింది. అయినా పంపు తీశాను. ఒక చక్రం అయ్యేసరికి మామయ్య దిగి, పంపు తన కాలి కిందికి లాక్కున్నారు. మిగతావి ఆయనే కొట్టారు.

బయల్దేరాక ఎదురొచ్చే లారీ నాకు మామయ్య ఎదుట వేసుకున్న ముసుగులోంచి సరిగ్గా ఆనలేదు. పెళ్లయిన నాటినుంచి ఆయన నా ముఖం చూడలేదు, నాతో మాట్లాడలేదు, మీకు తెలుసుగా. అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చుని, "ముసుగు తీసెయ్ కోడలా. టైర్లు చూసుకున్నావు, దారి చూసుకోవద్దూ?" అన్నారు. తీశాను. ఆస్పత్రి వచ్చేదాకా ఆయన ఇటు తిరగలేదు.

అక్కడి కాపలావాడు జీపు అడ్డంగా ఉందని డ్రైవరు కోసం కేకలేశాడట. "అరవకు. డ్రైవరు లోపల నా కూతురి దగ్గర ఉంది. మా కోడలు" అన్నారట మామయ్య.

మీ రుక్మా