కాగితాల్లో అక్క బిడ్డ

ప్రొద్దుటూరు, శుక్రవారం రాత్రి

నేను చెబుతుంటే పక్కింటి మస్తానమ్మ రాస్తోంది. ఒక్క మాట కూడా దిద్దొద్దన్నాను.

కళ్లు మూస్తే ఎన్నడూ చూడని మంచు కనిపిస్తోంది. పత్తి ఆరబోసినట్టు ఎంత దూరమైనా తెలుపే. కెనడాలో నర్సుగా ఉన్న నా కూతురు లక్ష్మి నన్ను శాశ్వతంగా అక్కడికే పిలుచుకుంటోంది. కానీ దాని కాగితాలన్నిటిలో తల్లి పేరు మా అక్క ఓబుళమ్మది. పార్టీ గొడవల్లో నా మొగుణ్ణి చంపినవాళ్లు బిడ్డ జోలికీ వస్తారని, దాన్ని అక్క ఊరు తొండూరు బడిలో అక్క బిడ్డగా చేర్పించాను. కన్నది నేనేనని అక్క వాంగ్మూలమిస్తేనే నాకు వీసా.

ఈరోజు వకీలు అక్కను అడిగాడు. "అవ్వా, లక్ష్మి ఎవరి బిడ్డ?"

"నా బిడ్డే. నీకెందుకప్పా? యాడోనివి నువ్వు?"

నాకు ఒళ్లు మండింది. "ఏందక్కా ఇది! దాన్ని ఇప్పుడెవురు చంపుతారు?"

"తెలీనోడు ఎవురడిగినా ఇట్లే చెప్పమని నువ్వే గదా పాపా ఒట్టేయించుకుంటివి? నోటికి అదే వచ్చె."

వకీలు సోమవారం మళ్లీ రమ్మన్నాడు.

ఇది నిద్రో మెలకువో తెలియడం లేదు. అక్క గడపకు అడ్డంగా నిలబడి ఉంది. ఆనాడు వేటకొడవళ్లతో వచ్చినవాళ్లకు కూడా ఆ మాటే చెబుతోంది. ఆ మాటతోనే నాకు బిడ్డ దక్కింది. అక్కకు వేరే పిల్లలు లేరు.

సోమవారం ఆ మాట అబద్ధమని అక్క నోటితోనే చెప్పిస్తాను. బిడ్డ నాది. చెప్పాక తొండూరు బస్సులో అక్క ఒక్కతే ఎట్లా పోతుందో...